గోడ మారితే బొమ్మ కల్తీ అవుతుందా?

భద్రాచలం వైపు నుంచి వచ్చే మా బస్సులకు హైదరాబాద్ ఎల్‌బీ నగర్ దగ్గరే మొదలవుతుంది. రాత్రంతా ఖమ్మం, సూర్యాపేట మీదుగా నడిచి తెల్లారే వేళకు రింగురోడ్డు దగ్గర దింపుతాయి. టీటీసీ పాసై డీఎస్సీ కోచింగ్‌కని మేము మొదటిసారి నగరంలో కాలు పెట్టిందీ ఇక్కడే. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఒకే గదిలో ఆరుగురు ఆడపిల్లలం సర్దుకుని చదువుకున్నాం. అప్పటికి మెట్రో లేదు. అది ఎల్‌బీ నగర్ దాకా వచ్చింది 2018లో.

మొన్న వేసవి సెలవుల్లో మళ్లీ అక్కడికి వెళ్లాం. చిన్నాన్న కొడుకు, మాకు తమ్ముడు, ఎల్‌బీ నగర్‌లో ఉంటున్నాడు. వాడూ కోచింగ్‌కనే వచ్చాడు. డబ్బులు అయిపోయాక పెయింటింగ్ మేస్త్రీ దగ్గర చేరాడు. పగలు అపార్ట్‌మెంట్లకు పుట్టీ పట్టిస్తాడు, రంగులు వేస్తాడు. రాత్రిళ్లు తన బొమ్మలు గీసుకుంటాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. కానీ వాడి బొమ్మల గురించీ, వాటి మీద నగరం ఇచ్చిన తీర్పు గురించీ రాయకుండా ఉండలేకపోతున్నాం. ఆ తీర్పు వాడి ఒక్కడి మీద పడేది కాదు. రేపు మన బడిలో కుంచె పట్టే ప్రతి పిల్లవాడి మీదా పడుతుంది.

మూడో అంతస్తు పైన రేకుల గది వాడిది. ఒక మూల పోస్టర్ కలర్ సీసాలు, అక్రిలిక్ ట్యూబులు. ఇంకో మూల పనిలో మిగిలిన ఎనామిల్ డబ్బాలు, సగం ఖాళీ అయిన వాల్ పుట్టీ సంచి. మంచం కింద గోనెసంచిలో ఊరి నుంచి తెచ్చుకున్న జాజు. ఒక్కో రంగుతో వాడికి ఒక్కో అనుభవం. అడిగితే గంట చెప్పాడు.

చిన్నప్పుడు చేతికి దొరికింది జాజు, పిండి. అమ్మ గోడ అలికి జాజు పూస్తే, బియ్యప్పిండి నీళ్లలో కలిపి పుల్లతో గీసేవాడు. ఆశ్రమ పాఠశాలలో చేరాక డ్రాయింగ్ పోటీలో పోస్టర్ కలర్ చూశాడు. "అక్కా, నీలం రంగును సీసాలో చూసుడు అదే మొదటిసారి. మా గోడ మీద నీలం యాడుండె?" అన్నాడు. ఆ రోజు ఏనుగుకూ నీలమే, మనిషికీ నీలమే వేశాడట. తర్వాత సెలవుల్లో బోర్డులు రాసే ఆయన దగ్గర ఎనామిల్ నేర్చుకున్నాడు. అది నిలువు గోడ మీద కొంచెం ఎక్కువైతే చాలు, కారిపోతుంది. ఆరడానికి పూట పడుతుంది, ఈలోపు దుమ్మంతా దాని మీదే. ఫ్లెక్సీలు వచ్చి ఆ బోర్డుల పనే పోయింది. నగరానికి వచ్చాక అక్రిలిక్ పట్టాడు. నీళ్లతోనే కలుస్తుంది, ఆరితే మళ్లీ నీళ్లకు కరగదు. తప్పు గీస్తే దాని మీదే ఇంకో పూత వేసి కప్పేయొచ్చు. పోస్టర్ కలర్‌తో అది కుదరదు. పైన తడి కుంచె పెట్టగానే కింది రంగు లేచి వచ్చి కలిసిపోతుంది, ఎరుపు మీద తెలుపు వేస్తే గులాబీ అవుతుంది.

కిందటేడు ఒక ప్రదర్శనకు వాడు నాలుగు బొమ్మలు తీసుకెళ్లాడు. అక్రిలిక్‌తో వేసిన మూడింటినీ చూసి, ఇవి సహజ రంగులు కావు, అసలైన గిరిజన కళ కాదు అన్నారట. నాలుగోది పుట్టీతో చేసింది. దాన్ని చూసి, ఇది గిరిజన కళలా లేదు అన్నారట. ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకసారి రంగు మారిందని తప్పు పట్టారు. రంగు, గోడ, పద్ధతి అన్నీ తనవే అయినప్పుడు తమకు తెలిసిన రూపంలో లేదని తప్పు పట్టారు.

ఇదే నగరంలో పేరున్న కళాకారుల విషయంలో ఈ కొలత ఎవరూ పెట్టరు. లక్ష్మాగౌడ్ గారిని తీసుకుందాం. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర మ్యూరల్, ప్రింట్ పనులు నేర్చుకున్నారు. ఆయన మొదట పేరు తెచ్చుకున్నది ఎచింగ్‌తో. లోహపు రేకు మీద మైనం పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీసిన చోటల్లా ఆమ్లం కొరుకుతుంది. ఆ గాట్లలో సిరా నింపి కాగితం మీద ఒత్తుతారు. అందుకే ఆ గీత పెన్సిల్ గీతలా మెత్తగా ఉండదు, కొరికినట్టే ఉంటుంది. ఆయన మేకలు, పొదలు, పల్లె ఆడామగా ఆ గీతల్లో ఎంత బిగువుగా ఉంటారో చూసిన వాళ్లకు తెలుసు. తర్వాత నీటిరంగులు, పాస్టెల్, అద్దం వెనుక వేసే బొమ్మలు, కాల్చిన మట్టి, కంచు అన్నీ పట్టారు. 2016లో పద్మశ్రీ ఇచ్చారు. ఇన్ని మాధ్యమాలు మార్చినందుకు ఆయన్ను ప్రయోగశీలి అన్నారు. సరిగ్గానే అన్నారు. మరి ఎచింగ్ నిజాంపూర్ సంప్రదాయమా అని ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా.

అద్దం బొమ్మ సంగతి ఉపాధ్యాయ మిత్రులకు కొంచెం చెప్పాలి, క్లాసులో పనికొస్తుంది. అద్దం వెనుక వేసి ముందు నుంచి చూస్తాం కాబట్టి అంతా తిరగేసి చేయాలి. మామూలు బొమ్మలో ముఖం వేసి, కన్ను వేసి, చివర నల్లగుడ్డు పెడతాం. అద్దం మీద ముందు నల్లగుడ్డు, తర్వాత తెల్లగుడ్డు, ఆ తర్వాత ముఖం, అన్నిటికన్నా చివర వెనక గోడ. కుడి ఎడమ అవుతుంది. కుదరకపోతే పైన పూత వేసి దిద్దుకునే వీలు లేదు. అంటే మాధ్యమం మారితే మారేది రంగు మెరుపు ఒక్కటే కాదు, ఆలోచన నడిచే వరస కూడా మారుతుంది. పిల్లల చేత పాత గాజుపలక మీద (అంచులకు టేపు అంటించి) ఒక్కసారి వేయించి చూడండి.

కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారిది ఇంకో దారి. బొగ్గుతోనూ గీశారు, రంగులతోనూ గీశారు. పెద్ద బొట్టు, ముక్కుపుడక, నిండు చీర ఉన్న ఆయన తెలంగాణ స్త్రీని ఎక్కడున్నా గుర్తుపడతాం. ఆయన ఎరుపు, పసుపు, ఆకుపచ్చల్ని చల్లార్చకుండా నేరుగా వేస్తారు. అక్రిలిక్ అలాంటి చేతికి బాగా లొంగుతుంది, చదునుగా, నిండుగా కూర్చుంటుంది. అది ఫ్యాక్టరీలో తయారైన రంగు కాబట్టి ఆ బొమ్మలో తెలంగాణ తగ్గిందని ఎవరైనా అన్నారా? మా తమ్ముడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం అదే రంగు కల్తీ అయింది.

మైదాన ప్రాంతపు కళాకారుడు మాధ్యమం మారిస్తే ప్రయోగం, ఆదివాసీ మారిస్తే పతనం అనే ఈ లెక్క వెనుక ఒక నమ్మకం ఉంది. మన కళ ఎప్పుడో పుట్టి, అక్కడే ఆగిపోయిందన్న నమ్మకం. నిజమేమిటో చూద్దాం. ఈ రోజు దేశమంతా 'ప్రాచీన గోండు చిత్రకళ' అని అమ్ముతున్న కాగితపు బొమ్మలు ఎంత పాతవి? మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో పుట్టిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే పర్ధాన్ యువకుడిని భోపాల్ భారత్ భవన్ కోసం తిరుగుతున్న జె. స్వామినాథన్ బృందం 1981లో గుర్తించింది. మన ఆదిలాబాద్‌లో గోండుల కథలు చెబుతూ కీక్రీ వాయించే పర్ధాన్లు ఉన్నారు కదా, వాళ్ల జాతివాడే. ఊళ్లో మట్టిగోడల మీద బొమ్మలు చేసే చేతికి భోపాల్‌లో పోస్టర్ రంగులు, కాగితం, సిరా, తర్వాత సిల్క్ స్క్రీన్, అక్రిలిక్ దొరికాయి. తాతల పాటల్లో పేరుగా మాత్రమే ఉన్న దేవుళ్లకు ఆయన కాగితం మీద ఒళ్లు ఇచ్చాడు. 1989లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన బొమ్మలు ఉన్నాయి. అంటే నేడు సంప్రదాయం అంటున్న ఆ పద్ధతి నిన్న మొన్నటిది, ఒక ఆదివాసీ కొత్త రంగును ధైర్యంగా పట్టుకున్నందువల్ల పుట్టింది.

ఆ జన్‌గఢ్ 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ అక్కడే ప్రాణం తీసుకున్నాడు. నలభై కూడా నిండలేదు. ఇది చెప్పకుండా ఆయన విజయం ఒక్కటే చెబితే మన యువకులకు అబద్ధం చెప్పినట్టు. రంగులు ఇచ్చిన వాళ్లు చాలామంది ఉన్నారు. ఊరికి దూరంగా ఒంటరిగా కూర్చుని గీస్తున్న మనిషి ఎలా ఉన్నాడని అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఎల్‌బీ నగర్ రేకుల గదిలో ఆ మాట మాకు గుర్తొచ్చింది. తమ్ముడితో అనలేదు. రాత్రి అన్నం ఎక్కడ తింటున్నావని మాత్రం అడిగాం.

ఇంతవరకు చదివి, మాధ్యమం మారితే పోయేదేమీ లేదంటున్నామని అనుకోవద్దు. పోతుంది. ఏం పోతుందో మనకు తెలియకపోతే అప్పుడు నిజంగా నష్టం.

సవరల ఇడితాల్ చూడండి. ఇంటి లోపలి గోడను ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండి తెలుపుతో, చివర నలగ్గొట్టిన పుల్లతో వేస్తారు. ఆ బొమ్మ ఒక చనిపోయిన పెద్ద కోసం, లేదా ఒక దేవుడి కోసం వేసేది. బొమ్మలోని గడి ఆ ఆత్మకు ఇల్లు. పూజ చేసి అప్పగించాకే దానికి ప్రాణం. వెరియర్ ఎల్విన్ 1951లో వచ్చిన తన పుస్తకంలో మధ్య భారత ఆదివాసీల కళల గురించి రాస్తూ ఇలాంటి సవర బొమ్మలను నమోదు చేశాడు. ఇప్పుడు సీతంపేట వైపు సవర యువకులు అదే రూపాన్ని బట్ట మీద, కాన్వాసు మీద వేసి అమ్ముతున్నారు. అమ్మితే తప్పేం లేదు, బతకాలి. కానీ గోడ మీద ఉన్నప్పుడు ఆ బొమ్మకు ఒక పేరున్న యజమాని ఉండేవాడు, ఆయన చనిపోయినవాడే అయినా సరే. కాన్వాసు మీద ఉన్నది కొనేవాడు మాత్రమే.

చేతి విషయంలోనూ ఒకటి పోతుంది. బియ్యప్పిండి తడిగా ఉన్నప్పుడు సరిగా కనిపించదు. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. ఎర్రమట్టి గోడ నీటిని గబుక్కున పీల్చుకుంటుంది, పుల్లను నాలుగు వేళ్ల దూరానికోసారి పిండిలో ముంచాలి. కాబట్టి గీసే మనిషి కంటితో కంటే జ్ఞాపకంతో గీస్తుంది, పొట్టి పొట్టి గీతలతో నడుస్తుంది. ముగ్గు వేసిన ప్రతి తల్లికీ ఇది తెలుసు. అక్రిలిక్ తెలుపు పెట్టగానే కనిపిస్తుంది, కుంచె ఒక్క ఊపులో చాలా దూరం పోతుంది. మన కొత్త చిత్రకారులు చాలామంది ఈ తేడాను పట్టించుకోవడం లేదు. ట్యూబులోంచి మట్టిరంగు పిండి గోడలా పూస్తున్నారు, దాని మీద తెల్ల అక్రిలిక్‌తో పాత పొట్టి గీతలనే కాపీ చేస్తున్నారు. గోడ లేదు, గోడ వేషం ఉంది. తమ్ముడి మూడు అక్రిలిక్ బొమ్మల్లో రెండు అలాంటివే. ఆ మాట వాడి ముఖం మీదే చెప్పాం. వాటిని కాదన్న వాళ్లు చెప్పిన కారణం తప్పు, కానీ ఆ రెండూ గొప్ప బొమ్మలు కావు.

మూడోది వేరు. పోలవరం ముంపు ఊరి బొమ్మ అది. నీళ్లను నీలంగా వేయలేదు. ఊరంతా ముందు గీసి, దాని మీద నీళ్లలా పలచగా చేసిన అక్రిలిక్ పూతలు ఒకదాని మీద ఒకటి, లెక్కలేనన్ని వేశాడు. ఒక్కో పూత కింద ఇళ్లు కొంచెం కొంచెంగా మసకబారాయి. ఆరాక కరగని రంగు కాబట్టే అది సాధ్యమైంది. పోస్టర్ కలర్‌తో చేస్తే ఊరు నీళ్లలో కలిసి బురదయ్యేది, పిండితో అసలు కుదరదు. అక్కడ అక్రిలిక్ తన పని తాను చేసింది.

చేర్యాల నకాషీ వాళ్ల దగ్గరా మనం నేర్చుకోవలసింది ఉంది. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెడతారు. వెనక ఎరుపు. ఒకప్పుడు ఆ బట్ట గజాల కొద్దీ పొడవుండేది, కథ చెప్పేవాళ్లు దాన్ని విప్పుతూ రాత్రంతా కులపురాణం చెప్పేవారు. రాళ్లు, దీపపు మసి నుంచి తీసిన రంగులకు బదులు సీసా రంగులు వచ్చాయి. అందరూ దాని గురించే బాధపడతారు. మా లెక్కలో అసలు దెబ్బ రంగుది కాదు. కథ చెప్పించుకునే ఊరు తగ్గిపోయింది. పొడవాటి పటం గోడకు తగిలించే చిన్న ఫ్రేమైంది. మన కోయల పడిగెకూ అదే భయం. బట్ట ముక్కలు కుట్టీ, రంగు వేసీ చేసిన ఆ జెండా గట్టుకు, గోత్రానికి చెందినది. డోలి మోగుతుంటే చెప్పేవాడు దాన్ని చదువుతాడు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు 2024లో పోయారు. పడిగెను మ్యూజియంలో గాజు వెనుక భద్రంగా ఉంచొచ్చు, దాన్ని చదివే గొంతును అలా ఉంచలేం.

ఇంకొక నష్టం గురించి మన రచయితలు కూడా పెద్దగా మాట్లాడరు. మాధ్యమం మారినప్పుడు బొమ్మ చేతులు కూడా మారింది. వార్లీ పెళ్లి గోడల మీద చౌకు వేసేది ముత్తయిదువలే. 1970ల్లో అది కాగితం మీదికి వచ్చాక ప్రపంచమంతా తెలిసిన పేరు జివ్యా సోమా మాశేది. ఆయన గొప్పతనానికి వంక పెట్టడం లేదు. కానీ గోడ ఉన్నప్పుడు బొమ్మ ఆడవాళ్లది, కాగితం వచ్చాక ఎక్కువగా మగవాళ్లది. మా ఇంట్లోనూ అంతే. అలికింది, జాజు పూసింది, మూలమూలనా చుక్కలు పెట్టింది మా చిన్నమ్మ. కాన్వాసు మీద సంతకం తమ్ముడిది. "చిన్నమ్మకు ఎప్పుడైనా ఈ ట్యూబులు ఇచ్చి చూశావా?" అంటే వాడు తల గోక్కున్నాడు.

ఆ సాయంత్రం గది నుంచి బస్సుకు నడుస్తుంటే దారిలో ఒక కాంపౌండు గోడ మీద వార్లీ బొమ్మలు కనిపించాయి. త్రికోణాల మనుషులు, గుండ్రంగా డాన్సు, పక్కన స్వచ్ఛత నినాదం. ఎవరో అచ్చులు పెట్టి వేసినట్టున్నారు, మనుషులందరూ ఒకే కొలత. మహారాష్ట్ర వార్లీలు ఎల్‌బీ నగర్ గోడ ఎక్కారు, సంతోషమే. ఇదే దారిన బస్సుల్లో వచ్చి దిగే కోయలు, కొండరెడ్లు, లంబాడాలు మాత్రం ఆ గోడ మీద లేరు. ఆ గోడకు పుట్టీ పట్టించిన వాళ్లలో మాత్రం ఉండే ఉంటారు.

ఆ పుట్టీ బొమ్మ దగ్గరకు వద్దాం. మా దృష్టిలో వాడి పనుల్లో అదే మంచిది. ఒక ఇంటి పనిలో మిగిలిన ప్లైవుడ్ ముక్క తెచ్చి, దాని మీద వేలిమందంలో పుట్టీ పట్టించాడు. పుట్టీ గట్టిపడేలోపే పని అయిపోవాలి. ఆలోపే పని చేసే బ్లేడు అంచుతో, వేళ్లతో ఒత్తి, గీకి మనుషుల్ని తీశాడు. వాళ్లు పొద్దున్నే అడ్డా మీద పని కోసం నిలబడ్డ కూలీలు. వెనుక మెట్రో స్తంభం, దాని మొదట్లో ఇప్పచెట్టు వేళ్లు. రంగు దాదాపు లేదు, ఒక ఆడమనిషి చీర కొంగుకు మాత్రం గోనెసంచిలోని జాజు రుద్దాడు. చిన్నమ్మ గోడ మీద మట్టిని వేళ్లతో ఎత్తి పెట్టేది చూశాం మేము. అదే చేయి ఇక్కడ కనిపించింది. ఏ గిరిజన కళనూ కాపీ చేయకుండా, తన కూలిపనిలోని సరుకుతోనే వాడు చిన్నమ్మ గోడ దగ్గరకు వెళ్లాడు. ఇది గిరిజన కళలా లేదన్నవాళ్లు ఏం వెతికారో మాకు అర్థం కాలేదు. బహుశా డాన్సు వెతికి ఉంటారు.

బడి తెరిచాక మేము మా ఐదో తరగతి పిల్లలకు ఒకే బొమ్మను, వాళ్ల ఇంటి ముందరి చెట్టును, మూడు రకాలుగా వేయమన్నాం. అలికిన గోడ మీద పిండితో, కాగితం మీద పోస్టర్ కలర్‌తో, నేల మీద తడి మట్టితో. ఏది బాగుందని అడగలేదు, ఏది కష్టమైందని అడిగాం. ఒక పిల్ల గోడ దగ్గరే నిలబడిపోయింది. "మేడమ్, నేను వేసింది కనపడతలేదు" అంది. ఉండు, ఆరనీ అన్నాం. భోజనం బెల్లు అయ్యాక వచ్చి చూసుకుంది. ఒక కొమ్మ రెండుసార్లు పడింది.

పుట్టీ బొమ్మకూ ఒక లోపం ఉంది. కుడి మూల, ఇప్పవేళ్ల దగ్గర, సన్నగా పగులు పట్టింది. ప్లైవుడ్ వానాకాలం తేమకు ఉబ్బుతుంది, దాంతోపాటు పుట్టీ సాగదు. కింద జిగురు పూత వేసి, పలచగా రెండుసార్లు పట్టిస్తే ఆగుతుందని మేస్త్రీ చెప్పాడట. కిందటి వారం ఫోన్ చేశాడు. రెండో చెక్క మొదలుపెట్టాడట. దసరాకు ఊరికి వచ్చేటప్పుడు చిన్నమ్మ కోసం ఒక బ్లేడు, రెండు కిలోల పుట్టీ తెస్తానన్నాడు.